వెయిట్ నుంచి ఆఖరి బౌట్ దాకా: టీమ్‌మేట్‌కి తోడుండటం ఎలా

"ఈసారి నేను ఆడట్లేదు, మా క్లబ్ నుంచి ఆడేవాళ్లకి తోడుగా వెళ్తున్నాను, అక్కడ నేనేం చేయాలి?" ప్రతి టోర్నమెంట్ ముందూ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. జూడో, కుస్తీ, తైక్వాండో, బాక్సింగ్, జియు జిట్సు, ఏదైనా సరే, వెయిట్ కేటగిరీలు ఉన్న ఆటైతే ఇది పనికొస్తుంది.

తోడు వెళ్లడం అంటే గ్యాలరీలోంచి కేకలు వేసి ఉత్సాహపరచడం అనుకుంటారు చాలామంది. అది చిట్టచివర వచ్చే చిన్న పని. ఆ రోజు ఆడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి, వెతుక్కోవాల్సినవి, ఎవర్నో అడగాల్సినవి అన్నీ మీ నెత్తిన వేసుకోవడమే అసలు పని. ఆకలి, దాహం, టెన్షన్ మూడూ కలిసి ఉన్న మనిషికి "నీళ్లు ఇప్పుడు తాగనా, కాసేపాగి తాగనా" అన్నది కూడా పెద్ద ప్రశ్నే. అలాంటి ప్రశ్నలు వాళ్ల దాకా పోకుండా చూడాలి. ఇంకొకటి, వెయిట్ దించేటప్పుడు ఆరోగ్యం చెడుతుంటే "ఇక చాలు" అనే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మనిషి మీరే.

దగ్గర ఉండాల్సినవి

- ఐడీ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం, మెడికల్ సర్టిఫికెట్, ఒక్కోదానికి జిరాక్స్. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.
- నమ్మకమైన డిజిటల్ వేయింగ్ మెషీన్, దానికి కొత్త బ్యాటరీ.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కొలత గీతలున్న లీటరు సీసాలు రెండు.
- రోజూ తిని అలవాటున్న తిండి. అరటిపండ్లు, తెల్ల బ్రెడ్, తేనె, ఉప్పు బిస్కెట్లు లాంటివి.
- మౌత్ గార్డ్, గ్రోయిన్ గార్డ్, మిగతా గార్డులు. ఆ ఆటకి ఏవి తప్పనిసరో చూసి సర్దండి, మౌత్ గార్డ్ మాత్రం వీలైతే రెండు.
- అదనపు డ్రెస్. రక్తం మరక పడితే మార్చుకోమంటారు.
- టేప్, కత్తెర, గోళ్ల కత్తెర, దూది, ఐస్ ప్యాక్, లోహం లేని జుట్టు రబ్బర్లు.
- తువ్వాళ్లు రెండు, వెచ్చటి జాకెట్, చెప్పులు. వట్టి కాళ్లతో బాత్రూమ్‌కి వెళ్లి అలాగే మ్యాట్ ఎక్కడం ఏ ఆటలోనూ ఒప్పుకోరు.
- పెన్ను, చిన్న నోట్‌బుక్, పవర్ బ్యాంక్.

నోట్‌బుక్ ఎందుకని అడుగుతారు. హాల్లో గోల మధ్య మ్యాట్ నంబరు, బౌట్ (ఒక్కో ఆట) నంబరు, తాగిన నీళ్ల లెక్క ఏదీ బుర్రలో నిలవదు, రాసి తీరాలి.

1. ఆ పోటీ రూల్సు మీరే చదవండి

"వెయిట్ (అధికారిక తూకం) ముందు రోజే కదా" అని ఊహించేసి వెళ్లడం మొదటి పొరపాటు. ఆటని బట్టి, టోర్నమెంట్‌ని బట్టి అది మారిపోతుంది. అంతర్జాతీయ జూడోలో వెయిట్ ముందు రోజు సాయంత్రం చూస్తారు, కానీ పోటీ రోజు ఉదయం కొందరిని లాటరీలో పిలిచి మళ్లీ తూకం వేస్తారు, అప్పుడు కేటగిరీ హద్దు మీద 5 శాతం దాటకూడదు. అంటే 60 కేజీల వాళ్లు 63 లోపు ఉండాలి. అందుకే వెయిట్ అయిపోయింది కదా అని రాత్రంతా తినిపిస్తే కుదరదు. ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో ఏ రోజు బౌట్ ఉంటే ఆ రోజు ఉదయం తూకం ఉంటుంది. ఐబీజేజేఎఫ్ (బ్రెజిలియన్ జియు జిట్సు అంతర్జాతీయ సమాఖ్య) పోటీల్లోనైతే మొదటి బౌట్‌కి కాస్త ముందు, గీ (ఆ ఆట డ్రెస్) వేసుకునే కాటా ఎక్కాలి, అదీ ఒక్కసారే. గీ బరువు ఎంతో ముందే తూచి పెట్టుకోకపోతే అక్కడికక్కడే ఇంటికి రావాల్సి వస్తుంది.

అంతర్జాతీయ కుస్తీలో పోటీ ఉదయం ఒకసారి, ఫైనల్‌కో రెపెషాజ్‌కో (ఓడినవాళ్లలో కొందరికి కాంస్యం కోసం దొరికే రెండో అవకాశం) చేరితే రెండో ఉదయం మళ్లీ తూకం ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 50 కేజీల విభాగంలో ఒక్క రోజులో మూడు బౌట్లు గెలిచి ఫైనల్‌కి చేరింది. రెండో రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగడంతో పోటీ నుంచే తప్పించారు. ఒకసారి వెయిట్‌లో నెగ్గడం వేరు, బౌట్ల కోసం తిని తాగి మర్నాడు మళ్లీ అదే అంకెకి రావడం వేరు. రెండు రోజుల తూకం ఉన్న పోటీ అయితే మీ లెక్కంతా రెండో ఉదయం నుంచి వెనక్కి వేయండి.

నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి: తూకం ఎన్ని గంటలకి మొదలై ఎన్ని గంటలకి ముగుస్తుంది, ఎన్నిసార్లు ఎక్కనిస్తారు, బట్టలతోనా లేకుండానా, గ్రాముల సడలింపు ఏమైనా ఉందా, పక్కన ఇంకెవరైనా ఉండొచ్చా. ఏ ఒక్కటి స్పష్టంగా లేకపోయినా నిర్వాహకులకి ఫోన్ చేసి అడగండి.

2. ఎంత దించాలో వారం ముందే అడగండి

మొహమాటపడకండి. "ఇప్పుడు ఎంతున్నావు, ఎంతకి రావాలి?" అని సూటిగా అడిగి రోజూ ఉదయం, బాత్రూమ్ అయ్యాక, ఏమీ తినకముందు తూచిన అంకె తెప్పించుకోండి. ఒకే మెషీన్, గట్టి నేల మీద. తివాచీ మీద పెడితే అంకె తప్పు చూపిస్తుంది.

చివరి రెండు మూడు రోజుల్లో పీచు తక్కువున్న తిండి తింటే పేగుల్లో మిగిలే బరువు తగ్గుతుంది, ఉప్పు కొంచెం తగ్గిస్తే ఒంట్లో నిలిచే నీరు తగ్గుతుంది. ఇది కోచ్ చూసి ఒప్పుకుని చేసేదైతే పర్వాలేదు. చెమట పట్టించి, నీళ్లు మానేసి దించేది మాత్రం వేరే సంగతి. ఒంటి బరువులో 2 శాతం నీరు పోతేనే దమ్ము తగ్గుతుందని అంటారు, 60 కేజీల మనిషికి అది 1.2 కేజీలు. అంతకంటే ఎక్కువ మిగిలి ఉందంటే అది ఫ్రెండ్స్ మధ్య తేల్చుకునే విషయం కాదు, కోచ్‌కి చెప్పండి. పై కేటగిరీలో ఆడటం గురించి మాట్లాడాల్సింది అప్పుడే, ఆఖరి రాత్రి కాదు.

కొన్నింటికి మీరు అసలు సాయం చేయకూడదు:

- ప్లాస్టిక్ సూట్ వేసుకుని ఆవిరి గదిలో కూర్చోవడం. 1997లో అమెరికాలో నెల రోజుల పైచిలుకులో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలాంటి సూట్లు వేసుకుని బరువు దించుతూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో ఆ సూట్లనీ, ఆవిరి గదుల్నీ నిషేధించారు.
- మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, విరేచనాల మందులు. మొదటివి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఎప్పుడూ ఉంటాయి, దొరికితే సస్పెన్షన్.
- పిల్లల చేత ఏ రకంగానైనా నీళ్లు మాన్పించడం. ఎదిగే వయసు వాళ్లు ఎంత తూగితే ఆ కేటగిరీలోనే ఆడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

3. ముందు రాత్రి

పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి తూస్తే తేడా ఉంటుంది. ఊపిరిలో, చెమటలో, మూత్రంలో పోయే నీటి వల్ల నిద్రలోనే కొంత తగ్గుతుంది, చాలామందికి అర కేజీ నుంచి కేజీ దాకా. ఇది మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి ముందు వారంలోనే రెండు మూడు రాత్రులు చూసి వాళ్ల సొంత అంకె పట్టుకోండి. అది తెలిసి ఉంటే రాత్రి 400 గ్రాములు ఎక్కువున్నా కంగారు లేకుండా పడుకోవచ్చు. తెలియకపోతే అర్ధరాత్రి పరుగులు పెట్టి నిద్ర పోగొట్టుకుంటారు.

బ్యాగ్ ఆ రాత్రే సర్దేయండి. గోళ్లు తీయించండి. చర్మం మీద ఎర్రటి మచ్చ, తామర లాంటిది ఉంటే మ్యాట్ ఆటల్లో డాక్టరు ఆపేస్తారు, కాబట్టి ముందే చూపించి కాగితం తీసుకోండి. ఇక ఆ రాత్రి వాళ్ల ఎదురుగా కూర్చుని మీరు వేడివేడిగా తినకండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆకలితో ఉన్నవాళ్లకి అది చాలా కష్టం.

4. కాటా దగ్గర

మొదలయ్యే టైముకి అరగంట ముందే చేరండి. చాలాచోట్ల అధికారిక కాటాతో పాటు ముందుగా చూసుకోవడానికి ఇంకో కాటా పెడతారు, ఆఖరి మాట అధికారిక కాటాదే అనుకోండి, మీ మెషీన్‌ది కాదు. రెండింటికీ తేడా ఎంతో రాసుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది. వరసలో మీరు నిలబడండి, వాళ్లని కూర్చోబెట్టండి. తూకం గదిలో ఎవరి ఫొటో తీయొద్దు, ఎవరి అంకె మీదా వ్యాఖ్యానం వద్దు.

కొంచెం ఎక్కువ తూగితే? ముందు టైము చూడండి, తర్వాత ఎన్ని గ్రాములో చూడండి. 100, 200 గ్రాములైతే బాత్రూమ్‌కి వెళ్లిరావడం, రూల్సు ఒప్పుకుంటే తువ్వాలు అడ్డం పెట్టుకుని బట్టలు తీసేసి ఎక్కడం, జాకెట్ వేసుకుని పది నిమిషాలు తేలిగ్గా జాగింగ్ చేయడంతో సరిపోతుంది. ఐదు నిమిషాలకోసారి కాటా ఎక్కించకండి, అంకె కదలకపోతే మనిషి కుంగిపోతారు. కేజీ దాటి ఉండి గంటే మిగిలితే కోచ్‌ని పిలవండి. అక్కడ తేల్చాల్సింది ఆడాలా వద్దా, పై కేటగిరీకి మారనిస్తారా అన్నది.

ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం ఎన్ని గ్రాములు మిగిలి ఉన్నా అక్కడితో ఆపేయాలి: మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, తూలిపోవడం, ఒళ్లు కాలిపోతుండటం, వాంతులు, స్పృహ తప్పడం. వడదెబ్బ తగిలినవాళ్లకి చెమట ఆగిపోతుందని నమ్ముతారు, చెమట పడుతూనే కూడా వడదెబ్బ తగలొచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, అది వచ్చేలోపు బట్టలు తీసేసి చల్లటి నీళ్లలో ముంచండి, కుదరకపోతే నీళ్లు పోస్తూ గాలి విసరండి. ముందు చల్లబరచాలి, తరలించడం ఆ తర్వాత. కప్పిన జాకెట్ అలాగే ఉంచి కారెక్కించడం ప్రాణాల మీదికి తెస్తుంది.

5. కాటా దిగాక మొదటి గంటలు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. గతంలో నాతో వచ్చిన ఒక టీమ్‌మేట్ కాటా దిగుతూనే లీటరు చల్లనీళ్లు గటగటా తాగేస్తే నేను పక్కనే ఉండి నవ్వుతూ చూశాను. పది నిమిషాల్లో అంతా కక్కేయడంతో మిగిలింది నీరసం. ఆ రోజు నుంచి సీసా నా చేతిలోనే ఉంటుంది.

లెక్క ఇది. చెమటలో పోయిన ప్రతి కేజీకి లీటరున్నర చొప్పున తిరిగి ఇవ్వాలి, ఎందుకంటే తాగినదాంట్లో కొంత మూత్రంగా పోతుంది. 1.2 కేజీలు పోతే 1.8 లీటర్లు. పది పదిహేను నిమిషాలకి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, గంటకి లీటరు దాటకుండా. మొదట ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే పూర్తి లీటరులోనే కలపాలి, అర లీటరు సీసాలో మొత్తం ప్యాకెట్ వేసేస్తే అది మరీ చిక్కనై కడుపు తిప్పుతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే లీటర్లకి లీటర్లు పట్టించినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

తిండి, మొదటి అరగంటలో కొద్దిగా, తేలిగ్గా అరిగేది. తర్వాత గంటన్నరకో రెండు గంటలకో కాస్త ఎక్కువ. అన్నం, బ్రెడ్, అరటిపండు లాంటి పిండిపదార్థం ఎక్కువ ఉండాలి, నూనె, కారం, పీచు తక్కువ ఉండాలి. ఆకలి మీద వేపుళ్లు అడుగుతారు, అవి బౌట్లన్నీ అయ్యాక. రోజూ తినని కొత్త పౌడర్లు, కొత్త డ్రింకులు ఆ రోజు వద్దేవద్దు. బౌట్‌కి గంటే ఉంటే చిన్న చిన్న గుక్కలు, సగం అరటిపండు, అంతే.

సెలైన్ ఎక్కిస్తే సరిపోతుంది కదా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి సిరలోకి ఎక్కించడం వాడా రూల్సు ప్రకారం నిషేధం. అలాగే నీళ్లు తగ్గిన ఒంటికి ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకి మంచివి కావు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజు ఒక హద్దు దాటితే డోపింగ్ కిందికి వస్తుంది. మీ బ్యాగ్‌లోంచి మాత్ర తీసి ఇచ్చేముందు ఆగండి.

చూసుకోవడం ఎలా అంటే, మూత్రం రంగు లేత పసుపుకి రావాలి, తలనొప్పి తగ్గాలి, నోరు ఎండిపోకుండా ఉండాలి, బరువు మెల్లగా పెరుగుతుండాలి. మూడు గంటలైనా మూత్రం రాకపోతే, వచ్చినా ముదురు రంగులోనే ఉంటే డాక్టరుకి చూపించండి.

6. పోటీ రోజు హాల్లో

ఇద్దరు తోడుంటే పని పంచుకోండి. ఒకరు ఎప్పుడూ ఆడేవాళ్ల పక్కన ఉండాలి, ఇంకొకరు డ్రా, మ్యాట్ నంబర్లు, నిర్వాహకులతో మాటలు చూసుకోవాలి. ఒక్కరే అయితే గోడ పక్కన, మ్యాట్‌కి దూరంగా, బాత్రూమ్‌కి దగ్గరగా ఒక చోటు పట్టుకుని అక్కడే మకాం పెట్టించండి.

మీ బౌట్‌కి ముందు ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కో బౌట్‌కి పట్టే టైముతో గుణించండి. షెడ్యూల్ కాగితంలో రాసిన టైముని నమ్మకండి, నాకౌట్లు వస్తే అది ముందుకి జరుగుతుంది, గాయాలైతే వెనక్కి పోతుంది. పదేసి నిమిషాలకి ఒకసారి బోర్డు చూస్తూ ఉండాలి. పిలిచినప్పుడు లేకపోతే బౌట్ పోయినట్టే.

వార్మప్ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చాలు, అది పిలుపుకి ఐదు పది నిమిషాల ముందు ముగియాలి. గంట ముందే మొదలెట్టి చెమటలు కక్కించడం, లేదంటే అసలు చేయించకుండా చల్లటి ఒంటితో దించడం, ఈ రెండే ఎక్కువగా చూస్తాను. బౌట్ ఆలస్యమైతే జాకెట్ వేయించి రెండు మూడు నిమిషాలు తేలిగ్గా కదిలించండి. ప్యాడ్స్ పట్టేటప్పుడు తెలిసిన కాంబినేషన్లే కొట్టించండి, ఆ పూట కొత్త టెక్నిక్ నేర్పకండి.

మాటల విషయం. కొందరికి కబుర్లు కావాలి, కొందరికి మౌనం కావాలి, ముందు రోజే అడిగి తెలుసుకోండి. "ప్రత్యర్థి పోయినసారి గోల్డ్ కొట్టారంట" లాంటి వార్తలు మీ దగ్గరే ఆపేయండి, కావాలంటే కోచ్ చెవిన వేయండి. ఇంటినుంచి వచ్చే ఫోన్లు మీరు ఎత్తండి.

7. బౌట్ జరుగుతుండగా

గొంతు ఒక్కటే వినిపించాలి, అది కోచ్‌ది. నలుగురు నాలుగు మాటలు అరిస్తే ఒక్కటీ వినపడదు. అంతర్జాతీయ జూడోలో అయితే రెఫరీ "మత్తే" అని ఆపినప్పుడే కోచ్ మాట్లాడాలి, ఆట నడుస్తుండగా అరిస్తే కోచ్‌నే బయటికి పంపుతారు. రెఫరీతో వాదన ఎట్టి పరిస్థితిలోనూ మీ పని కాదు.

కోచ్ లేక కార్నర్‌లో మీరే కూర్చోవాల్సి వస్తే, ముందుగా మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోనిస్తారో లేదో, కార్డు కావాలేమో కనుక్కోండి. బాక్సింగ్‌లోనూ తైక్వాండోలోనూ రౌండ్ల మధ్య ఒక్క నిమిషం ఉంటుంది, కుస్తీలో 30 సెకన్లే. ఆ టైములో మొదట ఊపిరి, "ముక్కుతో తీసుకో, నోటితో వదులు" అని రెండు మూడుసార్లు. తర్వాత గుక్కెడు నీళ్లు. ఆఖర్న ఒకే ఒక మాట, రెండో మాట వద్దు. "అలా కాదు" అని కాకుండా "ఎడమ చెయ్యి పైకి" అన్నట్టు, చేయగలిగే పని చెప్పండి.

ఫోన్‌లో వీడియో తీయాలంటే మూడో మనిషికి అప్పగించండి. తీస్తూ చూసేవాళ్లకి గాయం కనపడదు.

8. బౌట్‌కీ బౌట్‌కీ మధ్య

దిగగానే జాకెట్, చెప్పులు, నీళ్లు. తలకి దెబ్బ తగిలిందని ఏ మాత్రం అనుమానమున్నా ఇవి అడగండి: మనం ఏ మ్యాట్ మీద ఉన్నాం, ఇప్పుడు ఎన్నో రౌండ్ అయింది, ఆఖరి పాయింట్ ఎవరిది, పోయిన బౌట్ గెలిచామా. ఒక్క జవాబు తప్పినా, తలనొప్పి, మసక చూపు, వాంతి వచ్చేలా ఉందన్నా ఆ రోజుకి ఆట ముగిసినట్టే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జవాబులన్నీ సరిగ్గా చెప్పినా మనిషి తేడాగా అనిపిస్తే అదీ చాలు. "నేను బాగానే ఉన్నా, చెప్పకు" అని బతిమాలతారు. చెప్పండి. కోపం పదిరోజుల్లో పోతుంది.

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి, ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి, మధ్యలో తీసి చూడకుండా.

విరామం గంట దాటితే కొద్దిగా తినిపించండి, తక్కువైతే గుక్క గుక్కగా తాగించడం వరకే. గెలిచిన బౌట్ గురించి పెద్ద విశ్లేషణ వద్దు, తర్వాతి బౌట్ ఎప్పుడో చెప్పి కాసేపు కాళ్లు చాపి పడుకోనివ్వండి.

9. ఓడిపోతే

మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పకండి. పక్కన ఉండండి, తువ్వాలు ఇవ్వండి, ఎవరూ వచ్చి ఓదార్పులు, సలహాలు కురిపించకుండా అడ్డం నిలబడండి. "పర్లేదులే" అన్న మాట ఆ నిమిషంలో ఎవరికీ సాయం చేయదు, నెలల కష్టం పోయింది కదా, వాళ్లకి పర్లేదు కాదు. ఏం తప్పు జరిగిందో కోచ్ రెండు రోజులాగి మాట్లాడతారు. రెపెషాజ్ ఉన్న పోటీ అయితే ఇంకా బౌట్ రావొచ్చు కాబట్టి డ్రెస్ మార్చుకునేలోపు మీరు బోర్డు దగ్గర కనుక్కుని రండి. ఓడామనుకుని వెళ్లిపోతే కాంస్యం అవకాశం చేజారుతుంది.

10. ఇంటికి వెళ్లాక

తలకి దెబ్బ తగిలినవాళ్లని మొదటి కొన్ని గంటలు ఒంటరిగా వదలకండి, బండి నడపనివ్వకండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకున్నా, మరీ మత్తుగా పడుకుండిపోతున్నా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటిదేం లేకపోయినా మర్నాడు ఉదయం ఫోన్ చేసి మూడు అడగండి: నిద్ర పట్టిందా, మూత్రం రంగు ఎలా ఉంది, ఎక్కడైనా కొత్తగా వాపు కనిపిస్తోందా. తర్వాత నోట్‌బుక్‌లో కాటా తేడా, రాత్రి తగ్గిన బరువు, తాగినవి, ఒంటికి పడనివి అన్నీ తేదీతో రాసి ఆ పేజీ ఫొటో వాళ్లకి పంపండి, వచ్చే పోటీకి రెండో స్టెప్ అక్కడి నుంచే మొదలవుతుంది.